తోడు

పొద్దున ఐదుంపావుకి
లీటరు గాజుజాడీ నిండా గోధుమరంగు నీళ్ళు ముంచి
కిటికీ గట్టుమీద పెడతాను.
అరగంట ముట్టుకోకూడదు.
మడ్డి అడుక్కి దిగుతుంటే
పైన తేట ఒక్కో గీతా కిందికి జరుగుతుంది.
మా అవ్వ కడవలో చిల్లగింజ అరగదీసి
"కదిలించబాకమ్మే" అనేది.
అదే గొంతుతో ఇప్పుడు నేను గుర్రప్పకు చెప్తాను.

గుర్రప్ప పని జల్లెడ దగ్గర.
చిత్తూరు రాత్రంతా వదిలేసింది అతని దంతెకు తగులుతుంది:
షాంపూ పొట్లాలు, పాలకవర్లు,
గంగజాతర మర్నాడు బుట్టలకొద్దీ వేపాకు,
ఒకసారి పళ్ళసెట్టు.
దాన్ని కడిగి వారంరోజులు గేటుకు వేలాడగట్టినాడు
ఎవరన్నా వస్తారేమోనని.
ఎవురూ రాలేదు.

ఆటోలో పక్కన కూర్చున్నామె ఏం పనమ్మా అనడిగితే
నీళ్ళ పని అంటాను.
అబద్ధం కాదు.

పెద్దతొట్టిలో గాలి బుసబుసా పొంగుతుంటే
కంటికానని కూలీలు అందులో
ఊరి మురికి తిని బతుకుతారు.
తేరిన మడ్డిలో కొంత మళ్ళీ వెనక్కి పంపుతాం,
రేపటి పాలకని ఇవాళ్టి పెరుగు
గిన్నెడుగున మిగిల్చినట్టు.

జూన్‌లో ఒక రాత్రి గాలి తియ్యగా ఉండింది.
తోతాపురి మామిడి.
మురుక్కి అంత మంచి వాసన రాకూడదు.
గుర్రప్ప టార్చి తీసుకుని ఉరికేలోగా
మ్యాన్‌హోల్ మూత పక్కన టైర్ల అచ్చులే మిగిలినాయి.
గుజ్జు కడిగిన నీళ్ళు, ఒక ట్యాంకరో రెండో.
తెల్లారేసరికి తొట్టి పుల్లబడింది.
నురుగు గట్టుదాటి మా చెప్పుల మీద పడింది.
జాడీని అరగంట చూశాను, గంట చూశాను,
మడ్డి పైకీ కిందికీ
నిద్రపట్టని మనిషిలా.

పదకొండు రోజులు.
పేడనీళ్ళు, సున్నం, మండీనుంచి నల్లబెల్లం,
తిరుపతినుంచి డ్రమ్ముల్లో అరువు తెచ్చిన తోడు.
గుర్రప్ప గట్టున గొంతుక్కూర్చుని
"తినండ్రా నాయనా" అంటా ఉండాడు,
జొరమొచ్చిన పిల్లోళ్ళకు మాదిరి.
ఆ పదకొండు రోజులూ మా పైపునుంచి
నలుపే పారింది ఏట్లోకి.

ఏఈ ఫోన్ చేసి
"ముప్పై అని రాసెయ్ అమ్మా, ఎప్పట్లాగే" అన్నాడు.
రిజిస్టర్లో గళ్ళు చిన్నవి.
నూటనలభై పట్టనంత చిన్నవేం కాదు.
రాశాను, సంతకం పెట్టాను.
చెయ్యి వణికింది, అదీ కనిపిస్తుంది అక్కడ.

దిగువన తోటకూర మడి కన్నెమ్మది.
ఐదోనాడు ఒక సీసాడు నల్లనీళ్ళు తెచ్చి
నా బల్లమీద పెట్టి
ఒక్క మాటా అనకుండా పోయింది.
పన్నెండోనాడు జాడీలో గీత కనబడింది.
అదే సీసా కడిగి, మా తేట నింపి
మడికాడికి తీసుకుపోయినాను.
వెలుతురుకెత్తి చూసింది, మూత తీసి వాసన చూసింది.
"తాగను గానీ,
కూరాకుకు చాలు" అనింది.

మా ఏటి పేరు నీవా.
ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే.
వానలు మొగమ్మరచిన కాలంలో
అందులో పారేదల్లా మేం వదిలిన నీళ్ళే.
ఎవరూ లేనప్పుడు పైపుకింద గచ్చుమీద నిలబడి
నీవా? అంటాను.
ఏరు తన పేరే విన్నదో, నా ప్రశ్న విన్నదో.

మొన్న అక్కడ ఒక కొంగ,
ఒంటికాలిమీద, నీళ్ళలోకే చూస్తా.
అరగంట కదల్లేదు.
గుర్రప్ప దంతె ఆపి అన్నాడు:
"అది గూడా టెస్టు చేస్తా ఉండాది మేడం,
అదేం రాస్తుందో చూద్దాం ఉండు."